ఏడుంబావు

తిరపతిలో టైము స్లాటంటే
ఎవరికీ విప్పి చెప్పబన్లేదు.
టోకెను పట్టుకొని నిలబడ్డం
పాలు మానకముందే నేర్చుకుంటాం.
అందుకే మా ఆదివారం లీగులో
రూలు చదివినప్పుడు ఎవురూ నోరెత్తలేదు:
ఆరింటికి కోర్టు మీది, ఏడుంబావుకి కాదు.
ముందుగా ఎనిమిది గేములు కొట్టినోడిది ఆట.
అంతలోపల గంట మోగితే
ఎవురు ముందుంటే వాళ్ళది.
సగంలో ఉన్న గేము లెక్కలోకి రాదు.

నాకు చెంగల్రాయులు పడినాడు.
ముప్పై ఏండ్లు ఘాట్ రోడ్డులో బస్సు తోలిన మనిషి.
మోకాలికి నల్ల పట్టీ, ఎడంచేతి సర్వీసు.
బంతి ఎగరేసే ముందు
మలుపులో హారను కొట్టబోయినట్టు
ఒక్క క్షణం ఆగుతాడు.

కరకంబాడి రోడ్డు పక్కన మా కోర్టు.
కొండ మీద మబ్బింకా లేవలేదు.
గీతలు నిరుటి సున్నం,
ఆ పక్క బేస్‌లైను ఉందనుకోవాలి, అంతే.
రెండుసార్లు నా బంతి బయట పడిందని
నేనే అనుకొని రాకెట్టు దించేసినా.
"లోపలే" అన్నాడు ఆయన.

ఏడు–ఆరు. నేను ముందు.
ఆయన సర్వీసు, ఫార్టీ ఫిఫ్టీన్.
ఇంగొక్క పాయింటొస్తే ఏడేడు.
స్టూలు మీద వాచ్‌మన్ మస్తాను,
ఒళ్ళో ఇత్తడి గంట, కండ్లు ఫోను మీద.
గేటు దగ్గర తర్వాతి స్లాటు ఆడోళ్ళు నలుగురు,
హైమావతి మేడం రాకెట్టుతో జడ వెనక్కి తోసుకుంటా.

లెక్క నాకు తెలుసు.
కోపరేటివ్ బ్యాంకు కౌంటరు మనిషిని,
షట్టరు ఎప్పుడు దించాలో తెలిసినోణ్ణి.

చెయ్యెత్తినా.
"లేసు" అన్నా.

లేసు ఊడలేదు.
విప్పి మళ్ళీ కట్టినా. ముడి మీద ముడి.
రెండో కాలు ఏం పాపం చేసిందని దానికీ.
కండ్లద్దాలు తుడిచినా.
కంచె మూల యెవరిదో పాత బంతి,
మాది కాదని తెలిసీ నడిచిపోయి
తెచ్చి గేటవతల వేసినా.

కొండ మీంచి జోరుగా దిగి,
తొందరగా చేరితే ఫైనని గుర్తొచ్చి,
చెక్‌పోస్టుకు ముందరి మలుపులో కారాపుకొని
శెనక్కాయలు ఒలుచుకుంటా
నిమిషాలు కరగబెట్టేవాళ్ళను
ముప్పై ఏండ్లు సీట్లోంచి చూసుంటాడు.
నన్నూ అట్లే చూసినాడు.
కోపంగా కాదు. వాళ్ళను దాటుకొని
బస్సు పోనిచ్చేటప్పటి చూపు.

"కానీబ్బా" అని ఒక్క మాటన్నా అనుంటే
నేనూ ఏదో ఒకటి అనేవాణ్ణి.
అన్లేదు.
బంతిని నేలకు కొట్టుకుంటా నిలబడినాడు.

తలూపినా.
బంతి లేచింది.
గంట మోగింది.

కొట్టుండొచ్చు.
పైకి పోయిన బంతి కదా,
మస్తానైనా సరేననేవాడు.
ఆయన చెయ్యి చాచి, కాయ కోసినట్టు
గాల్లోనే పట్టుకొని జేబులో వేసుకున్నాడు.

నెట్టు దగ్గరకొచ్చి చెయ్యిచ్చినాడు.
"బాగా ఆడినావు సామీ."
అందులో ఎగతాళి ఏమన్నా ఉందా అని
ఇప్పటికీ వెతకతా ఉండా.
దొరకలేదు.

ఆడోళ్ళ దిక్కు తిరిగి,
"మీ అర నిమిషం తినేసినాం తల్లీ,
ఏమనుకోవద్దండి" అన్నాడు.
తినేసినాం, అంట.

చార్టులో ఏడు–ఆరు నేనే రాసినా.
నా చేతిరాత బాగుంటాదని బ్యాంకులో పేరు.

ఇంటికొచ్చి మెట్ల మీద కూచున్నా.
చెమటకు నాని, ఎండకు బిగుసుకొని
ముడి గోటికి చిక్కలేదు.
పండ్లతో కూడా చూసినా.
మా ఆవిడ గాజుకున్న పిన్నీసు తీసిచ్చి
"ఎవురు కట్టినారు ఇట్ల?" అనింది.

పదకొండు నిమిషాలు పట్టింది.
ఒక కాలికే.